ఆకాశపు ఆయకట్టు: రేడియో తరంగముల పంపకమును గూర్చి

గత సంవత్సరము మేము విద్యార్థులను వెంటబెట్టుకొని శ్రీసిటీ పారిశ్రామికవాడను చూడబోయితిమి. వరదయ్యపాళెము దాటిన పిమ్మట, బస్సు ఇంకను మన జిల్లా పొలిమేరలోనే ఉండగా, నలుగురైదుగురి సెల్‌ఫోనులు ఒక్కసారిగా మ్రోగినవి. తమిళనాడుకు స్వాగతమని ఎవరో కంపెనీవారు సందేశము పంపిరి. ద్వితీయ సంవత్సరపు విద్యార్థి యొకడు లేచి, "సార్, బస్సు ఆంధ్రలో ఉంది, ఫోను మాత్రం తమిళనాడులో ఉన్నానంటోంది. ఈ రెంటిలో ఏది నిజం?" అని అడిగెను. బస్సులో అందరును నవ్విరి. మేమును నవ్వితిమి కాని, సమాధానము చెప్పలేకపోతిమి. ఆనాడు చెప్పలేని సమాధానము కొరకు చేసిన ప్రయత్నమే ఈ వ్యాసము.

భాషాసాహిత్యములను బోధించు మాకు ఈ విషయమునందు ప్రవేశము స్వల్పము. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులు ఓర్పుతో పాఠము చెప్పిరి. తప్పులున్నచో అవి మావే.

రేడియో తరంగమనగా సెకనుకు ఇన్నిమార్లు కంపించుచు కాంతివేగముతో సాగిపోవు విద్యుదయస్కాంత తరంగము. ఉర్దూలో దీనిని మౌజ్ అందురు. మనము అల అందుము. సెకనుకు పది లక్షల కంపనములైనచో ఒక మెగాహెర్ట్జ్. ఈ కంపనముల సంఖ్యనే పౌనఃపున్యమందురు. ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారములు ఒక మెగాహెర్ట్జ్‌కు అటునిటుగా జరుగును. ఎఫ్.ఎం. రేడియో 88 నుండి 108 వరకు, సెల్‌ఫోనులు 700 మొదలుకొని కొన్ని వేల వరకు వాడుకొనును. ఈ పౌనఃపున్యముల మొత్తము వరుసకే స్పెక్ట్రమని పేరు. తక్కువ పౌనఃపున్యము గల అల దూరము పోవును, గోడలను చొచ్చుకొనిపోవును గాని, దానిమీద మోయగల సమాచారము స్వల్పము. ఎక్కువ పౌనఃపున్యము గల అల పెద్ద మూటనే మోయును గాని, నాలుగు వీధులు దాటకుండగనే అలసిపోవును. కనుక ఒక మెగాహెర్ట్జ్ మరియొక మెగాహెర్ట్జ్‌తో సమానము కాదు. తూము దగ్గరి మడికిని ఆయకట్టు చివరి మడికిని గల వ్యత్యాసము ఇందును కలదు.

ఒకే చోట, ఒకే సమయమున, ఒకే పౌనఃపున్యముమీద ఇద్దరు బిగ్గరగా మాట్లాడినచో వినువానికి రెండును అందవు. అందుచేతనే పంపకము అవసరమైనది. రాయలసీమ వారికి పంపకమును గూర్చి ఒకరు చెప్పనక్కరలేదు. చెరువు నిండినప్పుడు ఏ మడవ ఏ రాత్రి తెరువవలెనో, ఎవరి వంతు ఎన్ని గడియలో నీరుగంటి చూచుచుండెడివాడు. అయితే ఈ పోలికను కొంతదూరమే లాగవలెను. చెరువునీరు నేడు వాడకున్నచో రేపటికి మిగులును. రేడియో తరంగము అట్లు కాదు. నేడు వాడని పౌనఃపున్యము నేటితోనే పోవును, రేపు దానికి రెట్టింపు రాదు. ఎంత వాడినను తరుగదు. ఇట్టి ఆస్తిని ఎవరో ఒకరి పేర వ్రాసి తలుపు వేయుట కంటె నష్టము మరియొకటి లేదు. ఈ ఒక్క సంగతి మనసున నిలిచినచో తక్కిన వ్యాసము సులభముగా అర్థమగును.

1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు కంటికి కానరాని అలలతో దూరమున గంట మ్రోగించి చూపెను. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునిగిన తరువాత, ఎవరికి తోచినట్లు వారు తరంగములను వాడుట ప్రమాదమని లోకము గ్రహించినది. ఆ ఏడే అమెరికాలో రేడియో చట్టము వచ్చినది. మన దేశమునకు అంతకు ముందే 1885 నాటి టెలిగ్రాఫు చట్టము కలదు. తంతి నడుపు హక్కు సర్కారుకే చెందునని దాని సారము. 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము వచ్చి, అనుమతి లేక వైర్‌లెస్ పరికరమును దగ్గరనుంచుకొనుట కూడ నేరమనెను. మన తాతల కాలమున ఇంటిలో రేడియో పెట్టె ఉన్నచో తపాలా కార్యాలయమునకు పోయి, చిన్న పుస్తకములో ముద్ర వేయించుకొని, ఏటేట రుసుము కట్టవలసి ఉండెడిది. పాట వినుటకు కూడ లైసెన్సు! ఆ పుస్తకములు ఇప్పటికిని కొందరి పెట్టెలలో కనబడును.

అయితే చట్టము ఎంత బిగువుగా ఉన్నను మనుష్యుల ఉత్సాహము ఊరకుండదు. 1933లోనే హైదరాబాదులో 200 వాట్ల చిన్న ప్రసార కేంద్రము ఒకరి సొంత ప్రయత్నముగా వెలసినది. 1935లో నిజాం ప్రభుత్వము దానిని తన అధీనములోనికి తీసికొనెను. దక్కన్ రేడియో అనబడిన ఆ కేంద్రమునుండి ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషలలోను ప్రసారములు జరిగినవి. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలసినది. ఒకే తరంగముమీద నాలుగు భాషలు వంతులవారీగా నడచిన ఆ చిన్న కేంద్రమును, రెండు భాషలలో వెలువడు ఈ సంచికలో తలచుకొనుట మాకు సంతోషము.

స్వాతంత్ర్యానంతరము 1952లో పౌనఃపున్యముల కేటాయింపు కొరకు కేంద్రమున వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగము ఏర్పడెను. సైన్యము, రైల్వేలు, పోలీసు, విమానశాఖ, ఆకాశవాణి వంటి శాఖలు అడుగుచుండెడివి, విభాగమువారు ఇచ్చుచుండెడివారు. అడిగినవాడును ఇచ్చినవాడును ప్రభుత్వమే అయినప్పుడు లెక్క ఎవరు అడుగుదురు? అప్పుడు అలలు సమృద్ధిగా ఉండుటచే ఎవరికిని బాధ కలుగలేదు. 1995లో మన దేశమున సెల్‌ఫోను సేవ ఆరంభమైన తరువాత బాధ మొదలైనది.

అదే 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక గొప్ప తీర్పు చెప్పినది. వివాదము క్రికెట్ ఆటను గూర్చినది. 1993 నాటి హీరో కప్ పోటీలను ప్రసారము చేయు హక్కు ఎవరిదని బెంగాలు క్రికెట్ సంఘమునకును, కేంద్ర ప్రభుత్వమునకును తగాదా వచ్చినది. ఆ న్యాయస్థాన పీఠమున మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిగారు కూడ ఉండిరి. వాయుతరంగములు ప్రజల ఆస్తియనియు, ప్రజాహితము కొరకు ఒక ప్రజాసంస్థ వానిని నియంత్రింపవలెననియు ఆ తీర్పులో తేలినది. మాకు ఇందులో నచ్చినది రెండు వైపుల హద్దు గీయుట: ప్రభుత్వము యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే; అట్లని డబ్బున్న ప్రైవేటువాని వశము చేయుటయు కాదు.

ధర్మకర్త ఎట్లు నడచుకొనెనో తరువాతి చరిత్ర చెప్పును. 2008 జనవరిలో 'ముందు వచ్చినవారికి ముందు' అను పద్ధతిన, 2001 నాటి ధరకు 122 లైసెన్సులు పంచబడెను. ప్రభుత్వమునకు కలిగిన నష్టము ఒక లెక్క ప్రకారము 1,76,645 కోట్ల రూపాయలు వరకు ఉండునని కాగ్ అంచనా వేసెను. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు ఆ లైసెన్సులను రద్దు చేసెను. నేరారోపణలు మాత్రము విచారణ న్యాయస్థానములో నిలువలేదు. 2017 డిసెంబరులో నిందితులందరు విడుదలైరి. మనుష్యుల తప్పు ఋజువు కాకపోవచ్చును గాని, పద్ధతి తప్పని తేలినది. అప్పటినుండి వేలము ప్రధానమార్గమైనది. అన్ని ప్రకృతి సంపదలకును వేలమొక్కటే మార్గము కాదని 2012 సెప్టెంబరులో అదే న్యాయస్థానము రాష్ట్రపతికి తన అభిప్రాయమును తెలిపినది. కాని కాలిన చేతితో ఉన్న అధికారి వేలము తప్ప వేరొకటి ముట్టునా?

వేలము మంచిదే, బంధుప్రీతికి తావుండదు. అయితే వేలమునకు కనీస ధర నిర్ణయించునది మరల ప్రభుత్వమే. 2016లో 700 మెగాహెర్ట్జ్ బ్యాండును వేలమునకు పెట్టిరి. దూరము పోవు అల అని పైన చెప్పినది ఇదియే. కొండల నడుమ చెదరియున్న మన సత్యవేడు, నాగలాపురము వంటి ప్రాంతముల పల్లెలకు ఇంతకంటె తగినది లేదు. మెగాహెర్ట్జ్ ఒక్కింటికి దేశమంతటికి 11,485 కోట్లు కనీస ధర పెట్టిరి. ఒక్కరును కొనలేదు. 2021లో మరల పెట్టిరి, అప్పుడును కొనలేదు. ధర తగ్గించిన పిమ్మట 2022లో ఒక కంపెనీ కొనెను. ఈ నడిమి ఆరేండ్లు ఆ అలలలో అత్యధిక భాగము ఎవరికిని ఉపయోగపడలేదు. ఖజానాకు రూపాయి రాలేదు, పల్లెకు సంకేతమును రాలేదు. 2022 వేలములో మొత్తము 72,098 మెగాహెర్ట్జ్ పెట్టగా 51,236 అమ్ముడై 1,50,173 కోట్లు వచ్చినవని పత్రికలు పొగడినవి. 2024 జూన్ వేలములో పదివేల అయిదువందలకు పైగా పెట్టగా 141.4 మాత్రమే అమ్ముడైనవి. ఆ వార్త లోపలి పేజీలలో వచ్చినది.

ఇక ప్రభుత్వ శాఖల చేతిలోని అలల సంగతి. దీనికి మన ఇరుగుపొరుగుననే ఉదాహరణ కలదు. 2005 జనవరిలో ఇస్రో వాణిజ్య సంస్థయగు ఆంట్రిక్స్, దేవాస్ అను కంపెనీతో ఒప్పందము చేసికొనెను. ఉపగ్రహముల నుండి ప్రసారము చేయుటకై ఎస్-బ్యాండులో 70 మెగాహెర్ట్జ్ వాడుకొను హక్కు, వేలము లేకుండ, ఆ ఒప్పందములో ఇమిడియుండెను. 2010లో మూడవ తరము సెల్‌ఫోను వేలములో ఇంతకంటె తక్కువ అలలకు 67,000 కోట్లకు పైగా ధర పలుకుటతో అందరి దృష్టియు దానిమీద పడినది. 2011 ఫిబ్రవరిలో కేంద్రము ఒప్పందమును రద్దు చేసినది. అటుపిమ్మట అంతర్జాతీయ మధ్యవర్తుల యెదుట మన దేశమునకు వ్యతిరేకముగా తీర్పులు వచ్చినవి. 2022 జనవరిలో మన సుప్రీంకోర్టు, ఆ వ్యవహారము మోసముతో కూడినదని, కంపెనీ మూసివేతను సమర్థించినది. ఆ ఉపగ్రహములు మాత్రము శ్రీహరికోట నుండి 2015లోను 2018లోను ఎగిరినవి. రెండవదానితో కొద్ది దినములకే సంబంధము తెగిపోయినది. ఒక శాఖ తన వద్దనున్న ప్రజల ఆస్తిని తన సొంత వస్తువువలె భావించినచో ఏమగునో దీనివలన గ్రహింపవచ్చును.

సైన్యము విషయమున సమస్య వేరు. వారి అవసరము నిజమైనది, రహస్యమైనది కూడ. సెల్‌ఫోను సేవలకు అలలు చాలనప్పుడు సైన్యము కొన్ని బ్యాండులను ఖాళీ చేసినది. బదులుగా వారికి ప్రత్యేకమైన ఆప్టికల్ ఫైబర్ జాలమును నిర్మించి ఇచ్చుటకు ప్రభుత్వము ఒప్పుకొనెను. 2015లో రక్షణశాఖకు చెందు బ్యాండులు ఇవి, తక్కినవి పౌరులవి అని హద్దులు గీచిరి. ఒక్కొక్క మెగాహెర్ట్జ్‌కు ఏండ్లకొలది బేరములు జరిగినవి. బేరములు అట్లు సాగుటకు కారణము సైన్యపు మొండితనము కాదని మా అభిప్రాయము. ఏ శాఖయైనను తన వద్ద ఉన్నదానిని ఉంచుకొన్నచో ఖర్చు లేదు, విడిచిపెట్టినచో లాభము లేదు. అట్టి స్థితిలో బుద్ధిమంతుడెవడును విడువడు. బ్రిటనులో దీనికొక చికిత్స కనుగొనిరి. అక్కడ రక్షణశాఖ కూడ తాను వాడు అలలకు ఏటేట రుసుము చెల్లింపవలెను. ఒక జేబునుండి మరియొక జేబునకే డబ్బు పోవును నిజమే; కాని ఆ శాఖ పద్దుల పుస్తకములో అంకె కనబడును. అంకె కనబడినప్పుడు 'ఇది మనకు అవసరమా?' అను ప్రశ్న పుట్టును.

ఇంతమాత్రమున శాఖల అలలన్నియు లాగివేయవలెనని మేము చెప్పుట లేదు. గాదంకికి పోయి చూడుడు. తిరుపతి నుండి చిత్తూరు పోవు దారిలో, కొండల నడుమ, 53 మెగాహెర్ట్జ్‌పై పనిచేయు ఎం.ఎస్.టి. రాడారు కలదు. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల క్షేత్రములో 1,024 యాగీ ఏంటెనాలు బారులు తీరి నిలిచియుండును. అలను ఆకాశమునకు పంపి, నిర్మలమైన గాలి నుండి మరలివచ్చు అతిసూక్ష్మమైన ప్రతిధ్వనిని వినుట దాని పని. ఆ ప్రతిధ్వని వలననే గాలుల వేగము, దిశ తెలియును. దాని సమీపమున అదే పౌనఃపున్యముమీద ఎవరైన చిన్నగా దగ్గినను ఆ ప్రతిధ్వని మునిగిపోవును. ఇట్టి చోట మౌనముగా వినుట కూడ ఒక వినియోగమే. వేలములో మౌనమునకు ధర కట్టువాడు లేడు. అట్లే పులికాట్ సరస్సునకు ఆవల శ్రీహరికోట. రాకెట్టు దారి తప్పినచో దానిని గాలిలోనే నాశనము చేయు ఆదేశము కూడ రేడియో అలమీదనే పోవలెను. ఆ క్షణమున ఆ అల నిర్మలముగా ఉండవలెను. లేనిచో ప్రాణములకే అపాయము.

అయినను రాకెట్టు ప్రతిదినము ఎగురదు గదా? ఇచ్చటనే సంస్కరణకు అసలు కీలకము కలదు. అమెరికాలో 3,550 నుండి 3,700 మెగాహెర్ట్జ్ వరకు గల బ్యాండులో నౌకాదళపు రాడారులు పనిచేయును. 2012లో ఆ దేశాధ్యక్షుని వైజ్ఞానిక సలహాదారులు, శాఖలను ఖాళీ చేయించుటకు మారుగా పంచుకొనుటయే మేలని నివేదించిరి. 2015లో నియమములు వచ్చినవి. సముద్రతీరమున సంవేదకములు ఉండును. నౌకాదళపు రాడారు అల వినబడగానే అవి ఒక కంప్యూటరు వ్యవస్థకు తెలుపును. ఆ వ్యవస్థ ఆ ప్రాంతమున ఇతరులను వేరొక పౌనఃపున్యమునకు మరలించును. నౌక పోయిన పిమ్మట వారు మరల రావచ్చును. మొదటి వంతు నౌకాదళమునది, రెండవది డబ్బు కట్టినవారిది, మిగిలిన ఖాళీ సామాన్యులది. ఇది మన నీరుగంటి చేసెడి పనియే. ఇతడు మాత్రము నిద్రపోడు, మొగమాటపడడు. ఇట్టి పద్ధతి మన తీరమున ఏ బ్యాండులకు తగునో పరీక్షింపవలెను. శ్రీహరికోటవారి అలలు ఖాళీగా పడియున్నవని మేము ఆరోపించుట లేదు. లెక్క చూచి చెప్పవలసినవారు చెప్పవలెనని కోరుచున్నాము.

మరియొక మార్గము ఎవరి అనుమతియు అక్కరలేని మందబయలు వంటిది. ఊరి పశువులన్నియు అందులో మేయవచ్చును, అయితే ఏదియు పొరుగుదానిని పొడువరాదు. మన దేశమున 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును లైసెన్సు నుండి విముక్తము చేసిరి. మన గ్రంథాలయములోని వైఫై దాని పుణ్యమే. 2018లో 5 గిగాహెర్ట్జ్‌లో మరికొంత విడిచిరి. అమెరికా 2020లో 6 గిగాహెర్ట్జ్ బ్యాండులో 1,200 మెగాహెర్ట్జ్ విడువగా, మనవారు 2025 మే నెలలో 500 మెగాహెర్ట్జ్‌కు ముసాయిదా ప్రకటించిరి. మందబయలునందు తొక్కిసలాట తప్పదు. 2012లో చైనాలోని షెన్‌జెన్ నగరమున మెట్రోరైళ్ళు ఉన్నట్టుండి ఆగిపోయినవి. ప్రయాణికుల సంచులలోని చిన్న వైఫై పెట్టెలు రైలు సంకేతములకు అడ్డుతగిలినవి. మెట్రోరైలు పెట్టెలు మన శ్రీసిటీలోనే తయారగుచున్నవి గనుక ఈ ఉదంతము మనకు పరాయిది కాదు. మన రైల్వేలకు 2021లో కేంద్రము 700 బ్యాండులో 5 మెగాహెర్ట్జ్ ప్రత్యేకించుట ఈ దృష్టితో చూచినచో సరియైన పనియే.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వత్తము. మన దేశమును 22 టెలికాం సర్కిళ్ళుగా విభజించి, సర్కిల్ మొత్తమునకు ఒక్కొక్క కంపెనీకి అలలను అమ్ముదురు. రాష్ట్రము 2014లో రెండైనను ఆంధ్రప్రదేశ్ సర్కిల్ మాత్రము తెలంగాణతో కలసి ఒక్కటిగానే నిలిచినది. శ్రీసిటీ ఆ సర్కిల్ అంచున ఉన్నది. అవతల అడుగు తమిళనాడు సర్కిల్. అలకు పొలిమేర రాయి కనబడదు. కనుక అవతలి స్తంభపు సంకేతము బలముగా ఉన్నచో ఫోను దానినే పట్టుకొనును. బస్సు చెప్పినది నిజమే, ఫోను చెప్పినదియు నిజమే.

ఇంత పెద్ద సర్కిళ్ళలో పంచుట చిన్నవారికి నష్టము. శ్రీసిటీలో సెల్‌ఫోనులు కూర్చు కర్మాగారము కలదు; 2015లో షియోమీ ఫోనులు అక్కడనే తయారగుట ఆరంభమైనది. రేడియో పరికరములను లక్షలకొలది తయారుచేయు ఆ ప్రాంగణమునకు, తన ప్రహరీగోడ లోపల యంత్రములు పరస్పరము మాట్లాడుకొనుటకు నాలుగు అలలు కావలెనన్నచో దొరకు మార్గమేది? జర్మనీలో 2019 నుండి 3,700 మొదలు 3,800 వరకు నూరు మెగాహెర్ట్జ్ స్థానిక సంస్థలకే అట్టిపెట్టిరి; తన స్థలము హద్దుల వరకు ఎవరైనను దరఖాస్తు చేసికొనవచ్చును. మన కేంద్ర మంత్రివర్గము 2022 జూన్‌లో ఇట్టి సొంత జాలములకు దారి తెరచినది. టెలికాం కంపెనీలు అభ్యంతరము చెప్పినవి. వేలములో వేలకోట్లు పోసి కొన్నవారికి ఆ బాధ సహజమే. కాని 2025 నాటికి కూడ పరిశ్రమలకు నేరుగా ఒక్క అలయు దక్కలేదు. కావలసినవారు ఆ కంపెనీల వద్దనే అద్దెకు తీసికొనవలెను. ఆయకట్టు చివరి రైతు, తూము దగ్గరి రైతును బతిమాలుకొనవలసి వచ్చినట్లు.

2023 డిసెంబరులో పార్లమెంటు కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టము చేసి, 1885, 1933 నాటి చట్టముల స్థానమున నిలిపినది. ఇందులో మేలు కలదు. వేలము సామాన్య నియమమైనది. వేలము లేక ఇచ్చు సందర్భములను ఒక పట్టికలో వ్రాసిరి. అలలను పంచుకొనుటకు, మారుబేరమునకు, అద్దెకు, తిరిగి ఒప్పగించుటకు వీలు కల్పించిరి. కారణము లేక వాడకుండ ఉంచుకొన్నదానిని తిరిగి తీసికొను అధికారము ప్రభుత్వమునకు కలిగినది. ఒకరికిచ్చిన అలను అతనికి భంగము రాకుండ మరొకరికి రెండవ వంతుగా ఇచ్చుటకును ఏర్పాటు కలదు. మాకు కొరత కనబడినది మరియొక చోట. ఇచ్చువాడును, లెక్క చూచువాడును, వాడువారిలో పెద్దవాడును కేంద్రప్రభుత్వమే. ఏ శాఖ చేతిలో ఎన్ని అలలు, ఏ జిల్లాలో, దినములో ఎన్ని గంటలు వాడుకలో ఉన్నవో సామాన్యుడు చూడదగిన అడంగల్ వంటి పుస్తకము ఒకటి కావలెను. భూమికి సర్వే నంబరు ఉన్నప్పుడు ఆకాశమునకు ఉండరాదా? సైన్యపు రహస్యములను విడిచిపెట్టి తక్కినది వ్రాయవచ్చును. దాని ప్రక్కనే బ్రిటనువారి వార్షిక రుసుము, జర్మనీవారి స్థానిక లైసెన్సు చేరినచో, పల్లెకును పరిశ్రమకును వంతు దొరకుననుట మా నమ్మకము.

ఈ పంపకములో మనవంటి వారికి ఇప్పటికే దొరకియున్న చిన్న మడి యొకటి కలదు. 2002 చివరలో విద్యాసంస్థలకును, 2006లో స్వచ్ఛంద సంస్థలకును సామాజిక రేడియో నడుపుకొనుటకు అనుమతి లభించినది. మెదక్ ప్రాంతమున, జహీరాబాదు సమీపములో 2008 అక్టోబరు 15న సంగం రేడియో ఆరంభమైనది. దళిత మహిళలే దానిని నడుపుచున్నారు. విత్తనములను గూర్చి, తిండిగింజలను గూర్చి వారి మాటలోనే ప్రసారములు జరుగును. ఇంత పెద్ద దేశమున ఇట్టి కేంద్రములు సుమారు అయిదు వందలు మాత్రమే.

నూరు వాట్ల శక్తి, ముప్పది మీటర్లకు మించని స్తంభము, పది పదునైదు కిలోమీటర్ల పరిధి. సొంతముగా వార్తలు చెప్పరాదు. అయినను ఉర్దూలో ఒక గంట, తెలుగులో ఒక గంట, మన పిల్లల పాఠములు, రైతుల ముచ్చట్లు, ఆడువారి ఆరోగ్యవిషయములు చెప్పుకొనుటకు ఇది చాలును. భౌతికశాస్త్ర శాఖవారు సాంకేతిక వివరములు సిద్ధము చేయుదుమనిరి. కార్యక్రమముల పట్టిక మేమును, ఉర్దూ శాఖవారును కలసి వ్రాయుదుము. దరఖాస్తు కళాశాల పేర కేంద్ర సమాచార ప్రసారశాఖకు పోవలెను గనుక కార్యవర్గమువారి తీర్మానము కావలసియున్నది. రాబోవు సమావేశపు విషయసూచికలో దీనిని చేర్చవలసినదిగా కార్యదర్శిగారిని కోరియున్నాము.